గురకకు పళ్ల డాక్టరు ఏం చేస్తారు?

కడప నుంచి అడిగారు: నాయనకు గురక, నిద్రలో ఊపిరి ఆగుతోంది, పళ్ల డాక్టరు పనికొస్తారా అని.

పనికొస్తారు, కానీ ముందు స్లీప్ టెస్ట్ (నిద్రలో ఊపిరిని కొలిచే పరీక్ష) చేయించండి. గంటకు 5 నుంచి 30 సార్లు ఊపిరి అడ్డుపడుతుంటే పళ్ల క్లిప్పు సరిపోవచ్చు. 30 దాటితే సీపాప్ మిషనే (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపేది) మేలు.

పళ్లకు అచ్చు తీసి, కింది దవడను ముందుకు నిలిపే క్లిప్పు చేస్తారు. దవడతో పాటు నాలుకా ముందుకొచ్చి గొంతులో దారి తెరుచుకుంటుంది. దవడ ఎంతవరకు వస్తుందో కొలిచి, సుమారు సగంతో మొదలుపెట్టి, అర మిల్లీమీటరు చొప్పున పెంచుతారు. ఒకేసారి లాగితే పొద్దున దవడ కీలు పట్టేస్తుంది. ఊగే పళ్లుంటే కుదరదు.

గురక తగ్గిందని ఊరుకోవద్దు. చప్పుడు లేకుండానే ఊపిరి ఆగొచ్చు, క్లిప్పుతోనే మళ్లీ టెస్ట్ చేయాలి. క్లిప్పును చన్నీళ్లతో కడగండి. మే నెల ఎండలో కారులో మరిచిపోతే మాత్రం వంకర పోతుంది.