అనంతపురంలో కాపురం పెట్టిన అమ్మాయికి, ఇంటి పురుగుల గురించి

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఇల్లు తీసుకుని నెల తిరగకముందే వంటగదిలో బొద్దింకలు, పెరటి గుమ్మం పక్కన చెదలు కనిపించాయని, కాకినాడలో ఇన్నేళ్లున్నా ఇంత ఇబ్బంది పడలేదని రాశావు. వానలు తక్కువగా ఉండి ఎండలు మండే ఊళ్లో పురుగులు కూడా తక్కువగా ఉండాలి కదా అన్న నీ సందేహం సమంజసమైనదే. ముప్పై ఏళ్లకు పైగా వ్యవసాయ శాఖ ఉద్యోగంలో ఈ జిల్లా పల్లెల్లో తిరిగి, ఇక్కడి ఇళ్లలోనే కాపురం చేసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల ఇది. కోస్తాలో పురుగుకు పెరట్లోనూ గట్టు మీదా ఎప్పుడూ కాస్త తడి దొరుకుతుంది కనుక చాలావరకు బయటే బతుకుతుంది. ఇక్కడ శివరాత్రి వెళ్లేసరికి బయటి నేలంతా ఎండిపోయి, తడి అనేది కుళాయి కిందా, నీళ్లు నిలవ చేసిన డ్రమ్ముల్లోనూ, కూలర్ తొట్టిలోనూ, స్నానాల గది గోడలోనూ మాత్రమే మిగులుతుంది. ఆ తడిని వెతుక్కుంటూ పురుగు ఇంట్లోకి వస్తుంది. అందుకే ఏ పురుగు కనిపించినా, మందు కొనేముందు అది ఏ తడి కోసం వచ్చిందో కనిపెట్టమని నేను మొదట చెబుతాను.

నువ్వు రాసిన వాటిలో నాకు ఎక్కువ దిగులు కలిగించినవి చెదలు. చెదపురుగు ఒళ్లు మెత్తన. గాలి తగిలితే ఎండి చచ్చిపోతుంది కనుక నేలలోంచి గోడ మీదికి మట్టితో సొరంగంలాంటి బాట కట్టుకుని, ఆ చీకట్లో, ఆ చెమ్మలో నడుస్తుంది. ద్వారబంధం మీద నువ్వు చూసిన మట్టి గీత అదే. దాన్ని ఒకచోట రెండంగుళాలు మాత్రం గీరేసి, రెండు మూడు రోజుల తరువాత చూడు. మళ్లీ పూడ్చుకుని ఉంటే లోపల చెదలు పని చేస్తున్నాయని అర్థం. ఆ తరువాత వేలి కణుపుతో చెక్కను కింది నుంచి పైకి తట్టుకుంటూ వెళ్లు. డొల్ల శబ్దం వచ్చినంత మేరా లోపల తినేసినట్టే.

చాలామంది ఆ బాట మీద కిరోసిన్ పోసి ఊరుకుంటారు. మా పాత ఇంట్లో నేనూ రెండేళ్లపాటు అదే పని చేశాను. పోసిన ప్రతిసారీ కొన్నాళ్లు బాట కనిపించకపోవడంతో పీడ వదిలిందనుకునేవాణ్ణి. మూడో ఏడు గోడ అలమరా తెరిచి చూస్తే మీ తాతగారి నాటి భూమి కాగితాలు సగానికి సగం మట్టయిపోయి ఉన్నాయి. ఆ కాగితాల నకళ్లు సంపాదించడానికి పడిన తిప్పలు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కిరోసిన్ తగిలిన కూలి చెదలు చస్తాయి తప్ప, నేల లోతులో ఉండి రోజుకు వేల గుడ్లు పెట్టే రాణికి ఏమీ కాదు. పైగా ఆ గోడకు అవతల స్నానాల గది గొట్టం కారుతోందన్న సంగతి నేను ఆ రెండేళ్లలో గమనించనే లేదు. కనుక ముందు మీ గుమ్మానికి అవతలి వైపు ఏముందో చూడు. కుండీలు గోడకు ఆనించి ఉంటే జరిపించు, కారే గొట్టం ఉంటే బాగు చేయించు, గోడ వెంట కట్టెలో అట్టపెట్టెలో పేర్చి ఉంటే తీయించు.

అప్పుడు మందు సంగతి చూడాలి. కట్టిన ఇంటికి చెదల మందు పెట్టించడమంటే గోడ, నేల కలిసే చోట సుమారు 30 సెంటీమీటర్లకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, వాటిలో మందు నీళ్లు నింపి, సిమెంటుతో మూయడం. క్లోరోపైరిఫాస్ 20 శాతం మందయితే లీటరుకు 19 లీటర్ల నీళ్లు కలుపుతారు. వాసన తక్కువ కావాలంటే ఇమిడాక్లోప్రిడ్ అడగవచ్చు. ఇది లైసెన్సు ఉన్న పనివాళ్లు చేయవలసిన పని. అద్దె ఇల్లు కాబట్టి యజమానితో మాట్లాడి ఆయన చేతే చేయించడం న్యాయం. డబ్బా మూత మీ ఎదుట తీయమని, మందు మీ ఎదుట కలపమని అడగడానికి మొహమాటపడవద్దు. నేల పూర్తిగా ఆరేదాకా బాబును తీసుకుని మరోచోట ఉండండి.

తొలకరి వాన పడిన సాయంత్రం దీపాల చుట్టూ ఉసిళ్లు మూగుతాయి. ఇక్కడ వాటిని ఈసుళ్లంటారు. నా చిన్నతనంలో వాటిని వేయించి తినేవారు కూడా. అవి రెక్కలొచ్చిన చెదలే. బయటి నుంచి వచ్చి కిటికీ దగ్గర రెక్కలు రాల్చుకుంటే కంగారు పడనక్కరలేదు. ఇంట్లో గోడ పగుల్లోంచో ద్వారబంధం లోంచో పుట్టుకొస్తే మాత్రం వెంటనే నాకు తెలియజేయి.

బొద్దింకల్లో నువ్వు చూసినవి ఏ రకమో రాయలేదు. గోధుమరంగులో చిన్నగా ఉండి, తల వెనుక రెండు నల్లటి చారలుంటే అవి వంటగదిలోనే పుట్టి పెరిగే రకం. సామాన్ల అట్టపెట్టెల్లోనో పాత ఫ్రిజ్‌లోనో వచ్చి ఉంటాయి. ఆడది ముప్పై నలభై గుడ్లున్న తిత్తిని పొదిగేదాకా మోసుకుని తిరుగుతుంది కనుక ఒక్కటి తప్పించుకున్నా మళ్లీ మొదలవుతుంది. వీటికి స్ప్రే కన్నా జెల్ మందు మేలు. మిరియం గింజంత చుక్కలు తలుపు బందుల దగ్గర, కడపరాయి అలమరా సందుల్లో, గ్యాస్ బండ వెనక, బాబు చెయ్యి అందని చోట పెట్టు. జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టకూడదు, ఫినాయిల్‌తో తుడవకూడదు. ఆ వాసనకు పురుగు మందును ముట్టదు. రాత్రి పడుకునేముందు సింకును పొడి గుడ్డతో తుడిచేయడం కూడా ఆ మందులో భాగమే అనుకో.

ఎర్రగా, బొటనవేలంత పొడవుండేవైతే అవి మురుగు కాలువ నుంచి వస్తున్నాయి. ఇక్కడే ఎండ ఊరికి సంబంధించిన ఒక సంగతి ఉంది. స్నానాల గది జాలీ కింద వంపులో ఎప్పుడూ కొద్దిగా నీళ్లు నిలిచి, కాలువకూ ఇంటికీ మధ్య అడ్డుగా ఉంటాయి. మీరు వాడని రెండో స్నానాల గదిలో ఈ ఎండలకు ఆ నీళ్లు ఆవిరైపోతే దారి తెరిచినట్టే. వారానికొకసారి ఒక చెంబుడు నీళ్లు పోయి. సెలవులకు ఊరెళ్లేటప్పుడు ఆ నీళ్ల మీద రెండు చెంచాల వంటనూనె కూడా పోస్తే అవి త్వరగా ఆవిరి కావు.

నిలవ నీళ్ల విషయంలో చాలా జాగ్రత్త అవసరం. కుళాయి నీళ్లు రోజూ రావు కనుక డ్రమ్ములు నింపుకోక తప్పదు, కానీ డెంగీ తెచ్చే దోమ శుభ్రమైన నిలవ నీటిలోనే పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి ఈ వేడికి వారం పది రోజులు చాలు. అది నీటి అంచున, పాత్ర గోడకు గుడ్లు అంటిస్తుంది; అవి నెలల తరబడి ఎండిపోయి ఉండి కూడా మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందువల్ల నీళ్లు పారబోస్తే సరిపోదు, ప్రతి శుక్రవారం డ్రమ్మునూ కూలర్ తొట్టినీ లోపలి గోడలు బ్రష్షుతో రుద్ది కడగాలి. డ్రమ్ము మీద మూత సరిపోకపోతే పాత నూలు చీర రెండు మడతలు వేసి బిగించి కట్టు. వేసవి అయిపోయాక కూలర్‌ను తొట్టిలో నీళ్లతోనే మూలకు నెట్టేయకు.

చీమలకు కప్పు పంచదార నీళ్లలో అర చెంచా బోరిక్ పొడి కలిపి, దూదితో వాటి దారిలో పిల్లవాడికి అందని చోట పెట్టు. ఎక్కువ కలిపితే పుట్టకు చేరకముందే చస్తాయి. పాత మంచంలో నల్లులుంటే పట్టెల సందుల్లో సలసల కాగే నీళ్లు పోసి ఏప్రిల్ ఎండలో పెట్టించు. 50 డిగ్రీల వేడి లోపలిదాకా చేరితే గుడ్లు కూడా మిగలవు.

అత్తగారింటి నుంచి వచ్చే కందులూ శనక్కాయలూ ఎండాకాలంలో బాగానే ఉంటాయి, సెప్టెంబరు వానల్లో పుచ్చుతాయి. కందిపప్పుకు ఆముదం పట్టించి నిలవ చేయడం ఇప్పటికీ మంచి పద్ధతే. వేపాకు పురుగును కొంత దూరంగా ఉంచుతుంది తప్ప చంపదు. ధాన్యంలో వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఎవరిచ్చినా ఇంట్లోకి రానివ్వకు. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు పక్క గదిలో నిద్రపోతున్నవాళ్లను కూడా చంపుతుంది. ఎలుకలకు పెట్టే పసుపు భాస్వరం పేస్టు కూడా అంతే ప్రమాదం. అది కాలేయాన్ని పాడు చేస్తుంది, దానికి విరుగుడు లేదు. ఎలుకలకు బోను పెట్టి, గొట్టాల చుట్టూ ఉన్న కంతలను సిమెంటుతో మూయించు.

ఇక తేలు. పెరట్లో రాళ్ల గుట్ట ఉందని రాశావు. బొద్దింకలను తినడానికి తేళ్లు ఇంట్లోకి వస్తాయి కనుక పైన చెప్పినవన్నీ చేస్తే ఇవీ తగ్గుతాయి. ఆ రాళ్లు తీయించు, బాబు చెప్పులు దులిపి తొడుగు. అతినీల కాంతి టార్చి వేస్తే చీకట్లో తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది; రాత్రి పెరడు చూసుకోవడానికి అది ఒకటి కొనుక్కోండి. కుడితే కట్టు కట్టవద్దు, గాటు పెట్టవద్దు, మంత్రగాడి దగ్గరికి పోవద్దు. ఎర్రతేలు విషం పిల్లల గుండె మీద పని చేస్తుంది కనుక ఆలస్యం చేయకుండా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అనే మాత్రతో ఎన్నో ప్రాణాలు నిలిపిన తరువాత ఈ చికిత్స దేశమంతటా వచ్చింది. ఆ మాత్ర వైద్యులే ఇవ్వాలి, మీరు ఇంట్లో వేయకూడదు.

ముందు పెరటి గుమ్మం చెక్కను తట్టి చూసి, ఎంత ఎత్తు వరకు డొల్లగా ఉందో కొలిచి రాయి. యజమానితో ఏమని మాట్లాడాలో అది చూశాక చెబుతాను. అల్లుడుగారికి, బాబుకు నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెదనాన్న