కోర్టు పెండ్లి అంటరు గానీ కోర్టుకు పోయేది లేదు బిడ్డా

బిడ్డా,

రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దుగాల చూసిన. మామా, అదాలత్ కాడ ఏ వకీలును కలవాలె, కోర్టు మ్యారేజ్‌కు ఎంత అయితది అని అడిగినవ్. ముందుగాల ఒక్కటి చెప్త, ఏ వకీలును కలవకు. ఇరవై ఏండ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముంగట బల్లేసుకొని డాక్యుమెంట్లు రాసినోణ్ణి, ఎంతమంది పిల్లలు ఎవరికో పైసలు కట్టొచ్చి మళ్ల నా బల్ల కాడికే వచ్చిండ్రో లెక్క లేదు. జనం కోర్టు పెండ్లి అంటరు, సినిమాలల్ల కూడ గట్లనే చూపిస్తరు, గానీ మన దగ్గర అది అయ్యేది రిజిస్ట్రార్ ఆఫీసుల. భూమి రిజిస్ట్రేషన్ అయ్యే ఆఫీసే, అదే బెంచీలు, అదే స్టాంపు వాసన.

మీ ఇద్దరు హిందువులే అయితే పని అల్కగ అయిపోవు. గుల్లె తాళి కట్టించుకొని, శుభలేఖ, ఫొటోలు పట్టుకపోయి 1955 హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేపిచ్చుకుంటే సరి. పిలగాడు క్రిస్టియన్, మతం మారుడు ఇద్దరికీ ఇష్టం లేదంటివి, మంచిదే. అప్పుడు గుల్లె దండలు మార్చుకున్నా ఆ చట్టం కింద చెల్లది, ఎందుకంటె దానికి ఇద్దరు హిందువులే కావాలె. చర్చిల చేసుకునుడుకు 1872 నాటి చట్టం ఉన్నది, ఒక్కరు క్రిస్టియన్ అయినా సాలు, గానీ మీ అమ్మ గురించి నాకు తెలుసు, ఆ మాట తీసుడే వద్దు. మీకు పనికొచ్చేది 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్.

దీంట్ల అసలు కథ అంత నోటీసు కాడనే. పెండ్లి నాడు పోయి సంతకం పెట్టొచ్చుడు కాదు. మేం పెండ్లి చేసుకోబోతున్నం అని ఇద్దరు కలిసి సంతకాలు పెట్టి ఆఫీసుల ముందుగాల నోటీసు ఇయ్యాలె, ఇద్దరిల ఒక్కరన్న ఆ జిల్లాల నోటీసుకు ముందు 30 రోజులు వరుసగ ఉండి ఉండాలె. నువ్వు హనుమకొండల ఉంటున్నవ్ కాబట్టి ఆ ఇబ్బంది లేదు, గానీ నీ ఆధార్ ఒక్కపారి తీసి చూడు. 2021ల వరంగల్ అర్బన్‌ను హనుమకొండ జిల్లా చేసిండ్రు, రూరల్‌ను వరంగల్ జిల్లా చేసిండ్రు, పాత కార్డులల్ల ఇంక వరంగల్ అనే ఉంటది. మనం ఇంట్ల కూసొని అంత ఒకటే ఊరు అనుకుంటం, కౌంటర్ల కూసున్నాయన జిల్లా పేరు చూసి ఆగుతడు. నోటీసు ఇయ్యకముందే అడ్రస్ అప్‌డేట్ చేపిచ్చుకో, లేకపోతె కిరాయి అగ్రిమెంటో కరెంటు బిల్లో ఏదన్న పట్టుకపో.

నోటీసు తీసుకున్నంక దాన్ని పుస్తకంల ఎక్కిస్తరు, ఆఫీసుల అందరికి కనపడేటట్టు బోర్డు మీద అంటిస్తరు. పిలగానిది మహబూబాబాద్ అంటివి, అది 2016ల వేరే జిల్లా అయింది, కాబట్టి ఇక్కడి నుంచి ఒక కాపీ ఆ దిక్కు ఆఫీసుకు పోతది, అక్కడ కూడ అంటిస్తరు. అంటే నువ్వు నన్ను అడిగినవ్ చూడు, ఎవ్వరికి తెల్వకుండ అయితదా మామా అని, దానికి జవాబు ఇది. కాదు. 2021ల అలహాబాద్ హైకోర్టు ఈ బోర్డు ముచ్చట పెండ్లి చేసుకునేటోళ్ల ఇష్టం అన్నది, అది ఆ రాష్ట్రంల, మన కాడ బోర్డు బోర్డే. భూమి పనికి వచ్చినోడు టైంపాస్‌కు బోర్డు సదువుతడు, సదివినోడు మీ ఊరోడే అయితడు. అందుకే చెప్తున్న, నోటీసు అంటించకముందే మీ అమ్మకు నువ్వే చెప్పు. బయటోళ్ల నోట వింటే ఆమె కోపం డబల్ అయితది, నా చెల్లె కదా, నాకు ఎరుకే. నువ్వు చెప్పలేనంటే ఆదివారం నేను వస్త, ఇద్దరం కూసొని చెప్దాం.

అమ్మకు ఇష్టం లేక ఆపుతదని భయపడుతున్నవ్ కదా. 30 రోజులల్ల ఎవరన్న అభ్యంతరం రాయొచ్చు, గానీ దానికి కారణాలు చట్టంలనే ఉన్నయ్. ఒకరికి ఇదివరకే బతికున్న భార్యో భర్తో ఉంటే, పిలగానికి 21, పిల్లకు 18 నిండకపోతె, మతి స్థిమితం లేకపోతె, నిషిద్ధ బంధుత్వం ఉంటె. గంతే. కులం, మతం, ఇజ్జత్ పోతది అనేటియి ఆ జాబితల లెవ్వు. (మన దిక్కు మేనరికాలు చేసుకుంటం కదా, మేనమామ బిడ్డను చేసుకునుడు ఈ చట్టం జాబితల నిషిద్ధమే, చాలామందికి తెల్వదు.) అభ్యంతరం వస్తె ఆఫీసరు 30 రోజులల్ల తేల్చాలె, ఉత్తగ ఇబ్బంది పెట్టిండ్రు అనిపిస్తె వాళ్లకే వెయ్యి రూపాయల దాక ఖర్చు వేయొచ్చు. ఆఫీసరు మీకు కాదంటేనే జిల్లా కోర్టుకు అప్పీలు, కోర్టు అనేది ఇగ అక్కడనే వస్తది.

కాగితాలకు వస్తె, ఎస్సెస్సీ మెమో, ఆధార్, ఫొటోలు. పేర్లు ఒక్కతీర్గ ఉన్నయా చూసుకో, ఇంటిపేరు ఒకదాంట్ల ముందు, ఒకదాంట్ల వెనక, లక్ష్మికి ఒక కాడ చివర ఐ, ఒక కాడ వై, గిట్లాంటియే తర్వాత వీసాకు పోయినప్పుడు మెడకు సుట్టుకుంటయ్. నా సంగతే చూడు, ఊరందరి కాగితాలు రాసినోణ్ణి, నా పెండ్లి రిజిస్టర్ చేపిచ్చుకున్నది మీ అత్తకు పాస్‌పోర్ట్ కావాల్సొచ్చినప్పుడు. శుభలేఖ దొరకలే, ఉన్న ఒక్క ఫొటోల నా మొకం మీద తడి పట్టింది, ఈయన మీరేనా అని కౌంటర్ల అడిగిండ్రు, మీ అత్త ఇప్పటికి నవ్వుతది.

30 రోజులు అయినంక పెండ్లికి పోవచ్చు, గానీ నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలలు దాటితె అది చెల్లది, మళ్ల మొదటికే. కాబట్టి ముహూర్తం చూసుకొని నోటీసు తేదీ వెనక్కి లెక్కపెట్టుకోండ్రి. ముగ్గురు సాక్షులు కావాలె, ఆ పొద్దు ఇద్దరే వచ్చి మూడోడు ఫోన్ ఎత్తక జంట బయట నిలబడి ఏడ్సుడు నేను చూసిన. మేడారం జాతర ఉన్న నెలల అయితె అసలే పెట్టుకోకు, సగం ఊరు ఉండదు. ఆఫీసరు ముంగట, సాక్షుల ముంగట మీరు ఒకరినొకరు భార్యాభర్తలుగ ఒప్పుకుంటున్నమని చెప్పాలె, అది మీకు తెలిసిన ఏ భాషలైన చెప్పొచ్చు, తెలుగుల గట్టిగ చెప్పు. తాళి, దండలు, కేకు మీ ఇష్టం, ఎవరు అడ్డం చెప్పరు. ఫీజు కట్టినంక రసీదు తీసుకో, రసీదు లేని పైసలు ఎవరికి ఇయ్యకు.

ఇంకొకటి, ఊరి భూమి గురించి అడగలే గానీ చెప్తున్న. ఈ చట్టం కింద వేరే మతపోణ్ణి చేసుకుంటే ఉమ్మడి కుటుంబం నుంచి వేరు పడ్డట్టు లెక్క. వాటా పోదు, కాకపోతె రేపు పంపకాల కాడ మీ అన్న ఎవరి మాటన్న విని నీకేం రాదు అంటె గమ్మున ఉండకు, నన్ను పిలువు.

నోటీసుకు పోయే నాడు ఒకరోజు ముందు ఫోన్ చెయ్యి. మూడో సాక్షి కోసం ఎతకకు, నా ఆధార్ జిరాక్స్ తీసి బీరువల పెట్టిన.

మీ మామ