మా ఇంట్లోనే రెండు బాప్తిస్మాలు: బైబిలుకు ఇన్ని అర్థాలు ఎందుకు?

దేవుడి మాటే అయితే అందరికీ ఒకేలా అర్థం కావాలి కదా, ఒక్కో సంఘం ఒక్కో అర్థం ఎందుకు చెబుతుంది, అసలు బైబిలు చదవడానికే ఎందుకింత కష్టం అని మీరు అడిగారు. నేను వేదాంత కళాశాల మెట్లెక్కినవాణ్ణి కాను. ముప్ఫై ఏళ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. అయితే ఈ ప్రశ్న నాకు ఏడో తరగతిలోనే ఎదురైంది, అదీ లెక్కల పరీక్ష రోజున.

ఆ ఉదయం మా నాయనమ్మ నా తలమీద చెయ్యి పెట్టి, "భయపడకు, దేవుడు నీకు సమాధానం ఇస్తాడు" అంది. అంతకు ముందు క్రిస్మస్‌కు గుడిలో నేను అప్పజెప్పిన యెషయా వచనంలో కూడా పుట్టబోయే శిశువు పేరు "సమాధానకర్తయగు అధిపతి" అనే ఉంది. ఇక నాకు అనుమానమెందుకు? ధీమాగా వెళ్లాను. అయిదు లెక్కలు రాలేదు. ఇంటికొచ్చి నిలదీస్తే నాయనమ్మ నవ్వి, "సమాధానం అంటే జవాబు కాదురా, శాంతి" అంది. మరి శాంతి అనే రాయవచ్చు కదా అన్నాను. దానికి మాత్రం ఆవిడ దగ్గర నేననుకున్న రకం సమాధానం లేదు.

మన పాత బైబిలు నిండా ఇలాంటి మాటలే. నిరీక్షణ అంటే బడిలో ఎదురుచూపు, గుడిలో ఆశ. శోధన అంటే బడిలో వెతకడం, గుడిలో దుష్టుడు పెట్టే పరీక్ష. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వారు, ఆనందరాయర్ అనే తెలుగు బ్రాహ్మణుడి సాయంతో అనువాదం మొదలుపెడితే, 1812లో కొన్ని సువార్తలు అచ్చయ్యాయి. పూర్తి బైబిలు తెలుగులో రావడానికి 1854 దాకా పట్టింది. ఆ పనిచేసినవాళ్లకు అందుబాటులో ఉన్న మాటలు పండితుల మాటలు. యేసును "అద్వితీయ కుమారుడు" అన్నారు, దేవుడి పరిశుద్ధ సన్నిధిని చెప్పడానికి "ఆత్మ" అనే మాట వాడారు. అద్దెకు దిగిన ఇంట్లో పాతవాళ్ల సామాను మిగిలిపోయినట్టు ఆ మాటల్లో ముందున్న అర్థాలు అలాగే ఉండిపోయాయి. ఆత్మ అనగానే గీత చదివినవారికి ఒకటి తోస్తుంది, పెంతెకొస్తు కూడికలో పెరిగినవారికి వేరొకటి తోస్తుంది.

ఇది పైపొట్టు మాత్రమే. ఇప్పుడు వాడుక భాషలో అనువాదాలు వచ్చాయి, వాటిలో ఈ బాధ చాలావరకు లేదు. అవి చదివినా తగవులు తీరవు. ఎందుకో మా తాతయ్య ఉత్తరంతో చెబుతాను.

తాతయ్య పోయాక ఆయన ట్రంకుపెట్టెలో ఒక ఇన్లాండు కవరు దొరికింది. మా పెద్దనాన్నకు రాసి, పోస్టు చెయ్యకుండా ఉంచేశాడు. అందులో ఒక వాక్యం: "కొట్టం సంగతి నువ్వు రాసినట్టే కానివ్వు." పెద్దనాన్న ఏమి రాశాడో ఆ ఉత్తరం దొరకలేదు. కొట్టం నాకిమ్మని రాశాను, నాన్న ఒప్పుకున్నాడు అని ఆయన. అమ్మి ముగ్గురూ పంచుకుందామని రాశావు, దానికే ఒప్పుకున్నాడు అని మా బాబాయి. అక్షరం స్పష్టంగానే ఉంది, అందరికీ తెలిసిన తెలుగే, రాసినవాడు వాళ్ల కన్నతండ్రే. అయినా నాలుగేళ్లు మాటలు లేవు.

కొత్త నిబంధనలో 27 పుస్తకాలుంటే వాటిలో 21 ఉత్తరాలు. తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు, గ్రీకు పట్టణమైన కొరింథులోని సంఘానికి రాసిన మొదటి పత్రిక (బైబిల్లో పత్రిక అంటే ఉత్తరమే) ఏడో అధ్యాయం "మీరు వ్రాసినవాటి విషయము" అని మొదలవుతుంది. వాళ్లు రాసింది మన చేతికి రాలేదు. ఆ వెంటనే "స్త్రీని ముట్టకుండుట పురుషునికి మేలు" అని ఉంటుంది. ఇది పౌలు అభిప్రాయమా, లేక వాళ్లు రాసిన మాటను ఎత్తి చూపి ఆ తర్వాత తన జవాబు చెబుతున్నాడా? గ్రీకు రాతప్రతుల్లో కొటేషన్ గుర్తులు లేవు. మొదటిదనుకుంటే పౌలు పెళ్లి పట్ల విముఖుడు, రెండోదనుకుంటే అలాంటి విముఖుల్ని సరిదిద్దుతున్నవాడు. ఒక్క గుర్తు లేకపోవడంతో మనిషి స్వభావమే మారిపోయింది!

ఇతరులకు రాసిన ఉత్తరాన్ని మన చిరునామాకు వచ్చినట్టు చదవడం ఇంకో చిక్కు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, ఒక్కో బైబిలు వచనం అచ్చేసిన వాగ్దానం కార్డులు తీయడం మన సంఘాల్లో అందరికీ తెలిసిందే. ఒక ఏడాది నాకు యిర్మీయా ప్రవక్త పుస్తకంలోని 29:11 వచ్చింది. నీ విషయంలో దేవుడివి హాని తలపెట్టే ఉద్దేశాలు కావు, మేలైన ఉద్దేశాలు అనే భావం. ఆ ఏడు బదిలీ కోసం దరఖాస్తు పెట్టి ఉన్నాను, కార్డు జేబులోనే పెట్టుకు తిరిగాను. బదిలీ రాలేదు. అప్పుడు తీరిగ్గా కూర్చుని ఆ అధ్యాయమంతా చదివాను. అది యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన జనానికి యిర్మీయా పంపిన ఉత్తరం. సరిగ్గా ముందు వచనంలో డెబ్బై ఏళ్లు పడుతుందని ఉంది! ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఇప్పట్లో తిరిగి రారు అని ఇంకొంచెం పైన ఉంది. కార్డులో పదో వచనం ఎవరూ అచ్చు వెయ్యరు. అసలు ఈ వచనాల అంకెలే మూలంలో లేవు. అధ్యాయాల విభజన పదమూడో శతాబ్దం నాటిది, కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచన సంఖ్యలు 1551లో ఒక ముద్రాపకుడు వేసినవి. అంకెలు వేశాక ముక్కలు చెయ్యడం సులువైంది.

ఇక మా ఇంటి తగవు. మా నాన్నగారి వైపు గుంటూరు, లూథరన్లు. అమ్మ వైపు ఒంగోలు, బాప్టిస్టులు. నేను మూడు నెలల పిల్లవాడిగా ఉండగానే గుంటూరులో అయ్యగారు, అంటే పాస్టరు, నా నెత్తిన నీళ్లు చిలకరించి బాప్తిస్మమిచ్చారు. ఒంగోలులో అమ్మమ్మ దృష్టిలో అది వట్టి తలంటు. నమ్మినవాడు తనంతట తాను ఒప్పుకొని, నీటిలో మునిగితేనే బాప్తిస్మం. వేసవి సెలవుల్లో నాయనమ్మ, అమ్మమ్మ ఒకచోట కలిస్తే అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయం తెరిచేవారు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు, "అతని ఇంటివారందరు" బాప్తిస్మం పొందారని 33వ వచనం. "ఇంట్లో పసిపిల్లలు ఉండరా వదినా?" అని నాయనమ్మ. "కింది వచనం చదవండి, ఇంటివారందరితో కలిసి విశ్వాసముంచాడని ఉంది. పసిపిల్లలు విశ్వాసముంచుతారా?" అని అమ్మమ్మ.

పెద్దయ్యాక పద్యాలకు అన్వయం చెప్పే అలవాటుతో ఆ 34వ వచనం చూశాను. అతడు "తన ఇంటివారందరితోకూడ దేవునియందు విశ్వాసముంచినవాడై ఆనందించెను." ఇంటివారందరితో కలిసి విశ్వాసముంచాడా, తాను విశ్వాసముంచి ఇంటివారందరితో కలిసి ఆనందించాడా? వ్యాకరణం రెంటికీ ఒప్పుకుంటుంది. నాయనమ్మ ఉండగా ఈ సంగతి నాకు తట్టి ఉంటే ఆవిడ ఒంగోలు దాకా నడిచి వెళ్లేది.

అసలు విశేషం అది కాదు. మా నాయనమ్మ బైబిలు చదివి లూథరన్ కాలేదు. 1842లో హేయర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరులో దిగాడు కాబట్టి అయింది. ఒంగోలులో పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు క్లౌ దొర. పెద్ద కరువు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. అమ్మమ్మ పూర్వీకులు ఆ రోజుల్లో మునిగినవాళ్లే. కాకినాడ వైపు కెనడా బాప్టిస్టులు, మెదకులో మెథడిస్టులు, దోర్నకల్లులో ఆంగ్లికన్లు. ఒకరి పొలంలో ఒకరు దున్నకూడదని మిషన్లు ప్రాంతాలు పంచుకున్నాయి. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యారు. లూథరన్లు, బాప్టిస్టులు చేరలేదు. జర్మనీలోనో ఇంగ్లండులోనో శతాబ్దాల కిందట పుట్టిన తగవులో మనం ఏ పక్షమో మన తాతలు పుట్టిన తాలూకాను బట్టి తేలింది. పుస్తకం తెరవకముందే దాన్ని ఎలా చదవాలో మనకు ముట్టింది. మీరు అడిగిన "ఇన్ని అర్థాలు ఎందుకు" అన్నదానికి సగం జవాబు ఇదేనని నా నమ్మకం. బైబిలు కష్టమైనదే, కానీ తగవులన్నీ ఆ కష్టం వల్ల వచ్చినవి కావు.

ఆ దూరదేశపు తగవుల్లో ఒకటి నాకు మహా ఇష్టం. యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ గుడిలో తీసుకునే ప్రభురాత్రి భోజనంలో రొట్టె నిజంగా క్రీస్తు శరీరమా, గుర్తు మాత్రమేనా అని 1529లో జర్మనీలోని మార్బుర్గులో లూథరన్ల మూలపురుషుడు లూథరు, స్విస్ సంస్కర్త జ్వింగ్లీ వాదించుకున్నారు. పదిహేను అంశాల్లో పద్నాలుగింటికి ఒప్పుకొని ఈ ఒక్కదాని దగ్గర విడిపోయారు. ఆ రొట్టె గురించి యేసు అన్న "ఇది నా శరీరము" అనే మాటను లూథరు లాటినులో సుద్దతో బల్లమీద రాసి పెట్టుకున్నాడంటారు. ఆయన పట్టు అంతా ఆ వాక్యంలోని క్రియ మీదే: అయి ఉన్నది అంటే అయి ఉన్నదే. జ్వింగ్లీ మాత్రం దాన్ని "సూచిస్తున్నది" అని చదవాలన్నాడు. ఇప్పుడు తెలుగు వాక్యం చూడండి. "ఇది నా శరీరము." క్రియే లేదు! యేసు మాట్లాడిన అరామిక్‌లోనూ ఇలాంటి వాక్యానికి క్రియ అక్కర్లేదు. వాళ్లు దేనికోసం విడిపోయారో ఆ మాట మన బైబిల్లో లేకపోయినా, విడిపోవడం మాత్రం మనకు భద్రంగా దిగుమతి అయింది.

మన భాష తనవంతు కొత్త చిక్కులూ తెచ్చిపెట్టింది. తుపానులో శిష్యులు యేసును లేపి "మేము నశించిపోవుచున్నాము" అంటారు. గ్రీకులో మేము, మనము అనే తేడా లేదు. తెలుగులో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. అనువాదకులు "మేము" అన్నారు, అంటే పడవ మునిగినా ఆయనకేమీ కాదని శిష్యులకు అప్పటికే నమ్మకం ఉన్నట్టు. "మనము" అని ఉంటే భయపడిన మామూలు జాలరులు కనిపించేవారు. కానా పెళ్లిలో యేసు తల్లిని గ్రీకులో "స్త్రీ" అని పిలుస్తాడు. ఇతర భాషలవాళ్లు దీని మీద పేజీలు పేజీలు రాశారు. తెలుగులో "అమ్మా" అని ఉంది, మనకు అసలు ప్రశ్నే రాలేదు.

మా చిన్నత్త సంగతి చెప్పకపోతే నేను ఎగతాళి చేసే మనిషిననుకుంటారు. ఆవిడ వేరే క్రైస్తవ సహవాసంలో చేరి, బంగారమంతా తీసేసింది, తాళితో సహా. ఆధారం పేతురు మొదటి పత్రిక 3:3. జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం, వస్త్రాలు ధరించడం అనే బయటి అలంకారం వద్దని. "అత్తయ్యా, నగలు మానేశావు సరే, మూడోది కూడా మానెయ్యాలి కదా?" అన్నాను. తెలివైన మాటననుకున్నాను. వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒకనాడు తానే చెప్పింది: పెళ్లయిన పదేళ్లూ ఆ బంగారం తక్కువైందని అత్తింట్లో పడని మాట లేదట. "ఇది అక్కర్లేదు అని దేవుడే అన్నాడని విన్నాను. నాకు అది చాలు" అంది. ఆ వచనానికి ఆవిడ చేసిన అన్వయం తప్పని నేను ఇప్పటికీ అంటాను. అయితే ఆవిడ ముందు అనను.

మీరు బైబిలును మొదటినుంచి చివరిదాకా చదవబోయి మూడో పుస్తకమైన లేవీయకాండంలో ఆగిపోయానన్నారు. అందరూ అక్కడే ఆగుతారు. బైబిలు 66 పుస్తకాల అర, కథోలికుల దగ్గరైతే 73. అరలోని పుస్తకాలను ఎడమనుంచి కుడికి వరసగా ఎవరు చదువుతారు? ముందు ఫిలేమోను పత్రిక తీయండి. 25 వచనాలు, పది నిమిషాలు పట్టదు. ఒనేసిము అనే దాసుణ్ణి యజమాని దగ్గరికి తిప్పి పంపుతూ పౌలు రాసిన ఉత్తరం. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో బానిసల్ని ఉంచుకున్నవాళ్లూ దీన్నే చూపించారు, బానిసత్వం పోవాలన్నవాళ్లూ దీన్నే చూపించారు. ఏ వ్యాఖ్యానమూ తెరవకుండా రెండుసార్లు చదివి, ఆ దాసుణ్ణి పౌలు విడిచిపెట్టమన్నాడో లేదో మీకు తోచింది రాయండి. పదహారో వచనం దగ్గర కొంచెం నిదానించండి. నేను అక్కడ రెండుసార్లు మనసు మార్చుకున్నాను.