అప్రూవర్‌గా మారిన మనిషి భార్యాపిల్లలు పేర్లు మార్చుకుని వేరే ఊళ్లో బతకొచ్చా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది రాయలసీమలో ఒక చిన్న పట్నం. మా ఆయన భూముల సెటిల్‌మెంట్లు చేసే ఒక బ్యాచ్ దగ్గర కారు నడిపేవారు. గత ఏడాది ఆ బ్యాచ్ చేసిన హత్య కేసులో ఆయన నాలుగో ముద్దాయి. అరెస్టయిన నాటి నుంచి జైల్లోనే ఉన్నారు, ఈమధ్య అప్రూవర్‌గా మారారు. అప్పటి నుంచి మా వీధిలో తెలియని బండ్లు తిరుగుతున్నాయి. మొన్న స్కూలు దగ్గర మా బాబుని ఒకడు ఆపి, "మీ నాన్నని నోరు అదుపులో పెట్టుకోమని చెప్పు" అన్నాడు. బాబు ఏడో తరగతి, పాప ఇంటర్ సెకండియర్. అత్తగారు మాతోనే ఉంటారు. ఇలాంటి వాళ్లకి కొత్త పేర్లు ఇచ్చి ప్రభుత్వమే వేరేచోట పెడుతుందని విన్నాను. అది మన దగ్గర ఉందా? లేకపోతే నేనే గెజిట్‌లో పేర్లు మార్పించుకుని వెళ్లిపోతే? పిల్లల సర్టిఫికెట్లు, మాకున్న రెండెకరాలు ఏమవుతాయి? నా పేరు, ఊరు వేయవద్దు.

జవాబు: అమ్మా, ముందు ఆ గెజిట్ ఆలోచన మానుకోండి. గెజిట్ ఉన్నదే నలుగురికీ తెలియజెప్పడానికి. పాత పేరు, కొత్త పేరు, తండ్రి లేదా భర్త పేరు, చిరునామా అన్నీ అందులో అచ్చవుతాయి. మిమ్మల్ని వెతికేవాడికి మీరే దారి చూపినట్టవుతుంది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి వేరే పేరుతో రెండో ఆధార్, రెండో పాన్ తీయించుకుంటారు. అది నేరం దాకా వెళ్తుంది. ఆధార్ నమోదులో తప్పుడు వివరాలిచ్చి మరొకరిలా నటిస్తే మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. రేపు కోర్టులో అవతలి లాయరు "ఈ కుటుంబమే ఫోర్జరీ కుటుంబం" అంటే మీ ఆయన సాక్ష్యం మీదే మరక పడుతుంది. అప్రూవర్ మాటని కోర్టు ఎలాగూ అనుమానంగానే చూస్తుంది, వేరే ఆధారం తోడుంటే తప్ప సాధారణంగా దాని మీదే శిక్ష వేయదు. ఆ అనుమానానికి మనం ఇంకొంచెం బలం చేకూర్చకూడదు.

ఇక మీరు విన్నది నిజమే, మన దగ్గరా ఉంది. దాని పేరు సాక్షుల రక్షణ పథకం, 2018. ఆధ్యాత్మిక గురువు ఆశారాం బాపు మీద పెట్టిన అత్యాచారం కేసుల్లో సాక్షుల మీద వరుసగా దాడులు జరిగాయి, కొందరు చనిపోయారు. ఆ సాక్షుల్లో ఒకరైన మహేందర్ చావ్లా మీద 2015లో హర్యానాలోని పానిపట్ దగ్గర కాల్పులు జరిగాయి. ఆయనా మరికొందరూ సుప్రీంకోర్టుకు వెళితే, 2018 డిసెంబర్ 5న కోర్టు ఈ పథకాన్ని ఆమోదించింది. పార్లమెంటు గానీ రాష్ట్రాలు గానీ చట్టం చేసేదాకా దేశమంతా ఇదే చట్టంలా అమలవుతుందని చెప్పింది. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రమూ సాక్షుల రక్షణకు సొంత పథకం తయారుచేసి నోటిఫై చేయాలి. కింద రాసిన పద్ధతి 2018 పథకంలోది.

"మా ఆయన ముద్దాయి కదా, సాక్షి ఎలా అవుతారు" అని మీకు అనుమానం రావొచ్చు. నేరం గురించి సమాచారం ఉన్న ఎవరైనా ఈ పథకంలో సాక్షే. పైగా అదే సంహిత 343వ సెక్షన్ కింద, నిజమంతా చెప్పాలన్న షరతు మీద కోర్టు ఇచ్చే క్షమాభిక్ష ఒప్పుకున్నాక ఆయన ప్రాసిక్యూషన్ తరఫు సాక్షి. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకు పథకం వర్తిస్తుంది. హత్య గురించి వేరే చెప్పక్కర్లేదు.

దరఖాస్తు ఎవరికి ఇవ్వాలన్న దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. స్టేషన్‌కి వెళ్తారు, ఎస్సై గారు "చూద్దాంలే" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. నిర్ణయించేది స్టేషన్ కాదు. నేరం జరిగిన జిల్లాలో జిల్లా సెషన్స్ జడ్జి గారు అధ్యక్షులుగా ఒక కమిటీ ఉంటుంది. జిల్లా పోలీసు అధికారి అందులో సభ్యుడు, జిల్లా ప్రాసిక్యూషన్ అధిపతి సభ్య కార్యదర్శి. దరఖాస్తు ఆ కార్యదర్శి ద్వారా వెళ్లాలి. మీ ఆయనే పెట్టాలని లేదు. కుటుంబ సభ్యురాలిగా మీరు పెట్టొచ్చు, మీ లాయరు పెట్టొచ్చు, దర్యాప్తు అధికారి పెట్టొచ్చు, జైలు సూపరింటెండెంట్ కూడా పెట్టొచ్చు. నా సలహా అయితే మీరు ఒకటి, జైలు నుంచి ఆయన ఒకటి పెట్టండి. లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఫోన్ నంబరు 15100.

దరఖాస్తు అందాక ఆ సబ్‌డివిజన్ డీఎస్పీ నుంచి ముప్పు నివేదిక తెప్పిస్తారు. దానికి అయిదు పని దినాలు గడువు. నివేదిక వచ్చాక కమిటీ నిర్ణయానికి ఇంకో అయిదు పని దినాలు. ఈలోపే మధ్యంతర రక్షణ ఇచ్చే అధికారం వాళ్లకుంది, అడగకపోతే మాత్రం తోచదు. డీఎస్పీ ముప్పును మూడు తరగతుల్లో ఒకదానిలో పెడతారు. సాక్షి ప్రాణానికో కుటుంబం ప్రాణానికో అపాయమైతే ఎ, భద్రతకి, పరువుకి, ఆస్తికి అయితే బి, వేధింపు మాత్రమే అయితే సి. మీ పోరాటమంతా ఎ తరగతి కోసం. కాబట్టి "మాకు భయంగా ఉంది" అని రాస్తే చాలదు. బాబుని ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ గేటు దగ్గర ఆపారు, ఏ మాటలన్నారు, బండి నంబరు, ఎదురు షాపులో సీసీ కెమెరా ఉందా, ఇవన్నీ రాయండి. ఆ కెమెరా రికార్డింగ్ కొన్ని రోజులకు చెరిగిపోతుంది, అందుకే ముందు దాన్ని భద్రపరచమని అడగండి. అసలు ఆ బెదిరింపే విడిగా ఒక నేరం. అబద్ధపు సాక్ష్యం చెప్పమని బెదిరిస్తే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 232వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది.

ఇప్పుడు కొత్త పేర్ల సంగతి. పథకంలో గుర్తింపు మార్పు స్పష్టంగా ఉంది. కొత్త పేరు, కొత్త వృత్తి, కొత్త తల్లిదండ్రుల వివరాలు, వాటికి ప్రభుత్వ ఆఫీసులు ఒప్పుకునే పత్రాలు ఇవ్వొచ్చు. రాష్ట్రంలోనో దేశంలో ఇంకెక్కడికో తరలించొచ్చు, ఖర్చు సాక్షుల రక్షణ నిధిది. కొత్త పని మొదలుపెట్టుకోవడానికి డబ్బు సాయం కూడా ఉంది. ఇది కాగితం మీద మాట. నా ప్రాక్టీసులో ఇంటి దగ్గర గస్తీ, కోర్టుకు ఎస్కార్టు, కొన్నాళ్లు బంధువుల ఊరికి మార్పు, ఇలాంటి ఆదేశాలు చూశాను. కొత్త గుర్తింపు ఇచ్చిన ఆదేశం ఒక్కటీ నా చేతికి రాలేదు. అమెరికాలో 1970 చట్టంతో మొదలై, అక్కడి మార్షల్స్ సర్వీసు ఇప్పటికి సాక్షుల్ని, వాళ్ల కుటుంబ సభ్యుల్ని కలిపి 19 వేల మందికి పైగా ఇలా దాచింది. వాళ్లకు అదే పనిగా ఒక యంత్రాంగం ఉంది. మన డీఎస్పీ గారికి అదే రోజు బందోబస్తు డ్యూటీ కూడా ఉంటుంది. అందుకని తరలింపుని, గుర్తింపు మార్పుని ఒకే దరఖాస్తులో రెండు వేర్వేరు కోరికలుగా రాయండి. రెండోది కాదన్నా మొదటిది నిలబడుతుంది. ఇంటి ముందు కానిస్టేబుల్ కావాలా అని అడిగితే ఆలోచించి చెప్పండి. అప్రూవర్ ఇల్లు ఏదో తెలియనివాళ్లకి కూడా తెలిసిపోతుంది.

సాక్షి చదువు, ఆస్తి హక్కులు కొత్త గుర్తింపు వల్ల పోకూడదని పథకంలోనే ఉంది. కానీ ఆ వాక్యాన్ని నమ్ముకుని ఊరుకోవద్దు, ఆదేశంలో మీ పిల్లల విషయంగా రాయించుకోండి. పాపకి టెన్త్ మెమోలో మీ ఇద్దరి పేర్లూ ఉంటాయి. గుర్తింపు మారితే ఆ మెమో, ఇంటర్ మార్కులు, కుల ధ్రువీకరణ పత్రం మూడూ ఒకే పేర్లతో రావాలి. ఒక్కటి తేడా వచ్చినా సీటు దగ్గర, స్కాలర్‌షిప్ దగ్గర ఇరుక్కుంటుంది. పరీక్షలు దగ్గర్లో ఉంటే అవి అయ్యేదాకా సెంటర్‌కి ఎస్కార్టు అడగడం మేలు. బాబు విషయంలో అసలు ప్రమాదం టీసీ. కొత్త స్కూలు పేరు పాత స్కూల్లో ఎవరికీ చెప్పకండి, టీసీ మార్పిడి పోలీసు విభాగం ద్వారా జరగాలని కోరండి. రెండెకరాలు ఇప్పుడు అమ్మకండి. సేల్‌డీడ్‌లో మీ ప్రస్తుత చిరునామా రాయాలి, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) తీస్తే ఆ డాక్యుమెంటు నంబరు ఎవరికైనా దొరుకుతుంది. ఓటు కూడా హడావుడిగా కొత్త ఊరికి మార్పించుకోవద్దు. ఓటర్ల జాబితాలో భర్త పేరుతో సహా ఇంటి నంబరు ఉంటుంది, అది ఎవరైనా చూడగలిగే కాగితం. బంగారం మీద తెచ్చిన అప్పు, డ్వాక్రా బాకీ లాంటివి ఏ కొత్త పేరుతోనూ పోవు.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. కొత్త ఊళ్లో మీ ఆయన ఇప్పట్లో మీతో ఉండరు. క్షమాభిక్ష నాటికి బెయిల్ మీద లేని అప్రూవర్‌ని విచారణ ముగిసేదాకా కస్టడీలోనే ఉంచాలని 343 చెబుతోంది. విచారణ మరీ సాగితే హైకోర్టు ప్రత్యేక అధికారంతో బయటికి వదిలిన సందర్భాలున్నాయి, కానీ దాన్ని నమ్ముకుని ఇల్లు చూడకండి. అదే బ్యాచ్ వాళ్లున్న జైల్లో ఆయన ఉంటే వేరే జైలుకు మార్చమని ఇప్పుడే అడగండి. ఆయన భయపడి కోర్టులో మాట మారిస్తే క్షమాభిక్ష పోతుంది, హత్య కేసు మళ్లీ ఆయన మీదికే వస్తుంది. ఇంకా వేరే కేసులేవైనా ఉంటే ఈ క్షమాభిక్ష వాటిని తాకదు.

రక్షణ ఆదేశం ఒక్కోసారి మూడు నెలలకు మించి ఇవ్వరు. గడువు తీరకముందే పొడిగింపు అడగాలి, క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. కమిటీ కాదంటే 15 రోజుల్లో సమీక్ష కోరొచ్చు, ఆపైన హైకోర్టు ఉంది.

అత్తగారి పేరు దరఖాస్తులో తప్పక రాయండి. సాక్షి తల్లిదండ్రులు, భార్య, పిల్లలు, తోడబుట్టినవాళ్లు కుటుంబం కిందికే వస్తారు. మీ పుట్టింటివాళ్ల పేరు ఆ జాబితాలో లేదు. కానీ మీ ఆచూకీ కోసం ముందు తట్టేది వాళ్ల తలుపే. అందుకని వాళ్లకున్న ముప్పుని విడిగా ఒక పేరాలో రాయండి. కొత్త ఊరు ఏదో మాత్రం మీ అమ్మకి కూడా ఫోన్లో చెప్పకండి.