బిల్డ్‌వరల్డ్ మొదలుపెట్టే ముందు

నల్లకుంట, హైదరాబాద్.

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి, "అది దసరా సెలవుల్లో మూడు రోజులు గది దాటి బయటికి రాదట, ఆఫీసు కంప్యూటర్లో ఏదో ప్రపంచాన్ని కొత్తగా కడుతుందట, నువ్వైనా కాస్త మందలించరా" అంది. ముందు నవ్వు వచ్చింది, ఆ వెంటనే గుండె ఝల్లుమంది. మీ అమ్మకు అంతుపట్టని ఆ మాట బిల్డ్‌వరల్డ్ అని, అంటే ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మూలవ్యవస్థను సోర్స్ (ప్రోగ్రాముల మూలపాఠం) నుంచి మనమే కంపైల్ చేసి కట్టుకునే ఆదేశమని, నాకు తెలియనిది కాదు. నాచారంలో మీ ల్యాబు రిపోర్టులన్నీ దాచే ఫ్రీబీఎస్‌డీ సర్వర్‌ను 13వ వెర్షన్ నుంచి 14 కు సోర్స్ ద్వారా తీసుకువెళ్లాలని, అదీ మల్కాజిగిరిలో ఇంట్లో కూర్చుని చేయాలని నిశ్చయించుకున్నావన్నమాట. మన ఇంట్లో నా తరువాత ఈ పని నెత్తికెత్తుకున్నది నువ్వొక్కతివే కనుక గర్వంగానే ఉంది. 13 శాఖకు భద్రతా సవరణలు 2026 ఏప్రిల్ చివరి వరకే కనుక మారాలన్న నీ ఆలోచన కూడా సరైనదే. ఇక తిట్లకు వస్తాను.

సోర్స్ ఎందుకు? మన యంత్రానికి తగినట్టు మనమే కంపైల్ చేసుకుంటే అది చురుకుగా నడుస్తుందని ఎవరో చెప్పగా విని ఉంటావు. నేనూ ఆ మాట నమ్మి ఎన్నో రాత్రులు ఫ్యాన్ల హోరు విన్నాను. వచ్చిన తేడా మీ రిపోర్టులు తెరిచేవారెవరికీ తెలియదు. సోర్స్ బాట పట్టవలసిన అవసరాలు వేరే ఉన్నాయి. వ్యవస్థకు గుండెకాయ అయిన కెర్నెల్‌ను సొంతంగా మార్చుకున్నవారికి అది తప్పదు, ఎందుకంటే ముందే కంపైల్ చేసిన ఫైళ్లను (బైనరీలను) తెచ్చిపెట్టే ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ అందరికీ ఒకటే అయిన జెనరిక్ కెర్నెల్‌నే పంపిస్తుంది. విడుదలల మధ్య మారుతూ ఉండే స్టేబుల్ శాఖను వెంబడించేవారికీ తప్పదు, ఎందుకంటే ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ బైనరీలు విడుదలలకే వస్తాయి. ఒకచోట కట్టి, నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా పది యంత్రాలకు పంచేవారికి, వ్యవస్థలో అక్కరలేని భాగాలను తీసివేసి కట్టుకునేవారికి అది లాభం. నీది ఒకే ఒక్క యంత్రం, అందులో ఉన్నది జెనరిక్ కెర్నెల్. నేను సోర్స్‌లో మునిగి తేలిన రోజుల్లో మాకు ఇంత తేలికైన మరో దారి లేదు. బైనరీ అప్‌డేట్ సాధనం 2007 జనవరిలో 6.2 విడుదలతో గాని మూలవ్యవస్థలోకి రాలేదు. చేతిలో ఉన్న దారిని కాదని మా కష్టాన్ని నువ్వు మళ్లీ పడనక్కరలేదు.

అయినా నేర్చుకోవాలన్న కోరికను తప్పుపట్టను. ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద సోర్స్ నుంచి కట్టు, చెడగొట్టు, మళ్లీ కట్టు. సోర్స్‌తో పాటు వచ్చే, మార్పుల హెచ్చరికలున్న అప్‌డేటింగ్ అనే ఫైలును ముందు చదువు. బిల్డ్‌వరల్డ్, బిల్డ్‌కెర్నెల్, ఇన్‌స్టాల్‌కెర్నెల్, రీబూట్, ఆ తరువాతే ఇన్‌స్టాల్‌వరల్డ్. ఈ వరుస ఎవరి చాదస్తమూ కాదు: కొత్త కెర్నెల్ మీద పాత ప్రోగ్రాములు నడుస్తాయి గాని, కొత్త ప్రోగ్రాములు కెర్నెల్‌ను అడిగే కొత్త సేవలు (సిస్టమ్ కాల్స్) పాత కెర్నెల్‌కు తెలియవు. పాత లైబ్రరీలను చివరన, ప్యాకేజీలన్నీ మార్చుకున్న తరువాతే తీసెయ్యాలి.

నీకు అసలు చెప్పదలచుకున్నది ఇది. కంపైల్ జరిగే గంటల్లో భయపడవలసినది ఏమీ లేదు. అది విఫలమైనా నడుస్తున్న వ్యవస్థకు ఏమీ కాదు. ప్రమాదమంతా ఆ తరువాత, యంత్రం నిన్ను చిన్న చిన్న ప్రశ్నలు అడిగే పావుగంటలో ఉంది, ఆ పావుగంట సోర్స్ బాటలోనూ బైనరీ బాటలోనూ ఒక్కటే. ఇది నాకు 2003 వేసవిలో బోధపడింది.

అప్పుడు బేగంపేటలో ఒక చిన్న ఆఫీసుకు మెయిల్ సర్వర్ చూసేవాణ్ణి. దానిని 4.7 నుంచి 4.8 కు మార్చాలని ఒక రాత్రి ఇంటినుంచే, డయలప్ మీద లాగిన్ అయి మొదలుపెట్టాను. పెంటియం త్రీ యంత్రం గంటల తరబడి కంపైల్ చేసింది, కెర్నెల్ మారింది, వరల్డ్, అంటే కెర్నెల్ కాక మిగిలిన మూలవ్యవస్థ, కూడా ఎక్కింది. మిగిలినది మెర్జ్‌మాస్టర్. అది సెట్టింగులన్నీ ఉండే ఈటీసీ డైరెక్టరీలోని ఒక్కో ఫైలుకు పాతకు కొత్తకు ఉన్న తేడాను చూపించి, కొత్తది పెట్టాలా, పారెయ్యాలా, రెండూ కలపాలా అని అడుగుతుంది. కొత్తది పెట్టడానికి ఐ అక్షరం నొక్కాలి. మొదటి ఐదారు ఫైళ్లను శ్రద్ధగా చదివాను. ప్రతిదానిలోనూ తేడా పైనున్న వెర్షన్ గుర్తు వరుసలో మాత్రమే ఉంది. ఇరవయ్యో ఫైలు వచ్చేసరికి కళ్లు చదవడం మానేశాయి, వేలు మాత్రం ఐ మీద పడుతూనే ఉంది. ఆ వరుసలో మాస్టర్ పాస్‌వర్డ్ ఫైలు కూడా వచ్చింది. ఆఫీసులోని అరవైమంది ఖాతాల వరుసలన్నీ ఎడమవైపు మైనస్ గుర్తులతో నా ఎదుటే కదిలిపోయాయి, నేను ఐ నొక్కాను. యంత్రం అక్కడితోనైనా ఊరుకోలేదు, చివర్లో మరోసారి ఆగి, కొత్త పాస్‌వర్డ్ ఫైలు పెట్టావు, డేటాబేసును ఇప్పుడే తిరగరాయమంటావా అని అడిగింది. అది నాకు దొరికిన ఆఖరి అవకాశం. వై నొక్కి, రీబూట్ చేసి, వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను.

తిరిగి లాగిన్ అవబోతే నా పేరు దానికి తెలియదంది. మూడుసార్లు ప్రయత్నించి, అర్ధరాత్రి దాటాక స్కూటర్ తీసి ఆర్టీసీ క్రాస్ రోడ్స్, ముషీరాబాద్, రాణిగంజ్ మీదుగా బేగంపేట చేరాను. వాచ్‌మన్‌ను లేపి తాళం తీయించుకుంటే సర్వర్ గదిలో మానిటర్ లేదు. అకౌంట్స్ గదిలోంచి పద్నాలుగు అంగుళాల మానిటర్‌ను కడుపుకు ఆనించుకుని మోసుకొచ్చాను. కన్సోల్ మీద సర్వాధికారి ఖాతా పేరైన రూట్ అని కొట్టగానే పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి రానిచ్చింది. కొత్త ఫైలులో రూట్‌కు పాస్‌వర్డ్ ఉండదని అప్పుడు గుర్తొచ్చింది. ఇంటివాళ్లందరూ వీధిలో, తలుపుకు గడియ లేదు. ఖాళీ పాస్‌వర్డును, దూరం నుంచి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ ఒప్పుకోదు కనుక బయటివాళ్ల బారిన పడకుండా బతికిపోయాం. మెయిల్ డైరెక్టరీ జాబితా చూస్తే ఉత్తరాలన్నీ క్షేమంగా ఉన్నాయి, కాని యజమాని పేరు ఉండవలసిన చోట 1007, 1012 అని అంకెలు ఉన్నాయి. ఆ అంకెలను, పెట్టెల పేర్లను పోల్చుకుంటూ ఖాతాలను ఒక్కొక్కటిగా చేత్తో సృష్టించడం మొదలుపెట్టాను.

ఇరవై ఖాతాలు అయ్యేసరికి మూడు దాటింది. రూట్‌కు ఒక మెయిల్ వచ్చిందని తెర మీద పడింది. తెల్లవారుజామున 3 గంటల 1 నిమిషానికి ఫ్రీబీఎస్‌డీ తనంతట తాను చేసుకునే రోజువారీ తనిఖీ నివేదిక అది. పాస్‌వర్డ్ ఫైలు నిన్నటికీ ఇవాళ్టికీ మారిందని, మాయమైన ఖాతాలు ఇవీ అని వరుసగా చూపించింది. నిన్నటిది దగ్గర లేకుండా తేడా ఎలా చెప్పగలదు? వార్ కింద బ్యాకప్స్ డైరెక్టరీలోకి పోయి చూస్తే పాత ఫైలు భద్రంగా ఉంది. దానిని తిరిగి ఈటీసీలో పెట్టి, పీడబ్ల్యుడీ-ఎంకేడీబీతో డేటాబేసు కట్టించేసరికి రెండు నిమిషాలు పట్టింది. నేలమీద కూర్చుని ఏడ్చానంటే నమ్ముతావో లేదో. మీ అత్తయ్యకు కూడా ఈ మాట ఇంతవరకు చెప్పలేదు.

మెర్జ్‌మాస్టర్ రోజులు పోయాయి కదా అంటావు. పోయాయి, ఇప్పుడు సోర్స్ బాటలో ఈటీసీఅప్‌డేట్ ఉంది; నువ్వు మార్చినవి, వాళ్లు మార్చినవి తానే పోల్చి చాలావరకు కలిపేస్తుంది. బైనరీ బాటలో ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ కూడా అలాగే కలుపుతుంది. కాని కలపలేని చోట ఎడిటర్ తెరిచి, రెండు పాఠాల మధ్య బాణపు గుర్తుల వరుసలు పెట్టి నీకు అప్పగిస్తుంది. ఆ గుర్తులను తీయకుండా సేవ్ చేస్తే అవి అలాగే కాన్ఫిగరేషన్‌లో కూర్చుంటాయి. ఆ తరువాత తేడా చూపించి, ఇది సబబుగా ఉందా అని వై, ఎన్ అడుగుతుంది. అమ్మలూ, అక్కడ లేచి నిలబడు. మొహం కడుక్కుని వచ్చి, పాస్‌వర్డ్, గ్రూప్ ఫైళ్లు, ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగరేషన్ వచ్చినప్పుడు ప్రతి వరుసను వేలు పెట్టి చదివి జవాబు చెప్పు. ఎన్ అంటే పని మొదటికి వస్తుంది, అంతే.

మొదలుపెట్టే ముందు ఈటీసీ మొత్తాన్ని ఆ యంత్రంలో కాక మరోచోట కాపీ చేసుకో. డిస్కు ఫైల్‌సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే బీఈసీటీఎల్ ఆదేశంతో ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్ (వ్యవస్థ ఇప్పుడున్న స్థితికి నకలు) తీసి పెట్టుకో. తేడా వస్తే బూట్ మెనూలోనే పాతదాన్ని ఎంచుకోవచ్చు. అయితే ఆ మెనూ మల్కాజిగిరి నుంచి కనబడదు. కనుక ఇంటినుంచి చేసే ఆలోచన మానుకో. పగలు చెయ్యి, ఆ గదిలోనే కూర్చుని చెయ్యి, అన్నం తిని చెయ్యి. యూపీఎస్ బ్యాటరీ ఎన్ని నిమిషాలు నిలుస్తుందో ముందే ప్లగ్గు పీకి చూడు. మొన్న వానకు మా వీధిలో కరెంటు పోయినప్పుడు మా ఇంటి ఇన్వర్టర్ నాలుగు నిమిషాలకే చేతులెత్తేసింది.

నువ్వు మొదలుపెట్టే రోజున నేనూ వస్తాను. కీబోర్డు ముట్టుకోను, వై నొక్కబోయే ముందు పక్కన దగ్గుతాను, అంతే. మీ సర్వర్ గదిలో మానిటర్, కీబోర్డు ఉన్నాయో లేదో రేపే చూసి చెప్పు. లేకపోతే మా అటక మీది మానిటర్ దించి తుడిపిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య