ఎవరినీ పాడేరు పంపకు

అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

విశాఖ నగరపాలక సంస్థలో నీకు గిరిజన కుటుంబాల పని అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఇలాంటి పనిలోనే జుట్టు నెరిసినవాణ్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం వస్తుంది. బీచ్ రోడ్డులో థింసా ఆడించి, శాలువాలు కప్పి, ఫొటోలు దిగడం సులువు. వద్దనను, థింసా చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆడినవాళ్లు ఆ రాత్రి ఏ కొండవాలు ఇంటికి చేరారో, అక్కడ నీళ్లు వస్తాయో లేదో తెలియకపోతే నీకు వాళ్లతో పరిచయం లేనట్టే.

అసలు చిక్కు విను. 2022 ఏప్రిల్ 4 దాకా పాడేరు, అరకు మన విశాఖపట్నం జిల్లావే. ఇప్పుడు అవి అల్లూరి సీతారామరాజు జిల్లా. గిరిజనుల పనులు చూసే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కూడా పాడేరులోనే ఉంది. కూలికో, పిల్లల చదువుకో కొండ దిగి వచ్చినవాళ్లు కాగితం కోసం ఇక్కడ అడిగితే ‘పాడేరు వెళ్లు’ అంటారు. అక్కడికి వెళితే ‘ఉండేది విశాఖలో కదా’ అంటారు. పైన వాళ్ల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం కాపలా ఉంది, 1996 నాటి పీసా చట్టంతో గ్రామసభలో మాటకు విలువ ఉంది. ఘాట్ రోడ్డు దిగేసరికి ఆ రెండూ వెనకే ఉండిపోతాయి. అందుకని ఎవరినీ పాడేరు పంపకు. ఫోను నువ్వే చేయి, ఉత్తరం నువ్వే రాయి. వాళ్లకు ఒక రోజు కూలి, బస్సు చార్జీ మిగిలితే అదే పదివేలు.

ఒకసారి నేను కొండవాలు బస్తీలో ఉదయం 11 గంటలకు సమావేశం పెట్టాను. ఇద్దరు ముసలివాళ్లు, ఒక కుక్క వచ్చారు. మిగిలినవాళ్లు ఆరింటికే కూలీల అడ్డాకు వెళ్లిపోయారు. మళ్లీ రాత్రి ఎనిమిదికి వెళ్లాను. ఒక అవ్వ అరుగు మీద అడ్డాకుల విస్తళ్లు కుడుతోంది. ఆకు మీద ఆకు పెట్టి, సన్నని పుల్ల గుచ్చి, మిగిలిన ముక్క టక్కున విరుస్తోంది. చూపు మాత్రం నా ఫారం మీదే. ‘గిరిజనులు’ అని రాశానని మనవడు చదివి చెప్పగానే ఆమె తన భాషలో చాలాసేపు మాట్లాడింది. వాడు మాత్రం ‘మేము పోర్జాలం, పక్కింటివాళ్లు కొండదొరలు అంటోంది’ అని ఊరుకున్నాడు. మిగతా మాటలన్నీ ఏమయ్యాయో! అప్పటి నుంచి పిల్లలను మధ్యలో పెట్టడం మానేశాను. ఆ భాష వచ్చిన పెద్దమనిషిని, ఆడమనిషైతే ఇంకా మేలు, వెంట తీసుకువెళ్లు. ఊరికే కాదు, కూలి ఇచ్చి.

పసుపు, చింతపండు, విస్తళ్లు అమ్ముకునేవాళ్ల విషయంలో చట్టం నీ పక్షానే ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వీధి వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి, ఎస్టీలకూ తగిన చోటు ఇవ్వాలి. వ్యాపారుల సర్వే పూర్తికాకుండా ఎవరినీ లేపకూడదు. అయితే సర్వేకు పది గంటలకు బయలుదేరితే, తెల్లవారుజామున అమ్ముకుని వెళ్లిపోయేవాళ్లు జాబితాకు ఎక్కరు. నిద్ర మానుకో.

‘చూస్తాం’ అనే మాట మాత్రం నోట రానివ్వకు. కానిది కాదని వెళ్లి చెప్పు. ఆ అవ్వ ఆ రాత్రి కుళాయి అడిగింది. అంత ఎత్తుకు నీరు ఎక్కదని తర్వాత తేలింది. ఆ సంగతి చెప్పడానికి ముఖం చెల్లక నేను ఆ వీధి వైపే వెళ్లలేదు. ఆరు నెలలకు రైతుబజారు బయట ఎదురుపడింది. కుళాయి మాట ఎత్తలేదు. విస్తళ్ల కట్ట నా చేతిలో పెట్టి, డబ్బులు లెక్కపెట్టుకుని, పక్కవాళ్ల వైపు తిరిగింది.

నా నోటు పుస్తకంలోని ఆ పేజీ దీనితో పంపుతున్నాను. వీధి, ఇంటి గుర్తు అందులో ఉన్నాయి. ఇప్పుడు పైదాకా నీరు ఎక్కుతుందేమో కనుక్కో. ఎక్కకపోయినా ఒకసారి వెళ్లిరా.

మీ పెదనాన్న