కార్గో పైలట్ ఉద్యోగంలో జీతం కన్నా ముందు చూడవలసినది రోస్టర్ (డ్యూటీల పట్టిక)

పర్లాకిమిడి నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. తమ్ముడు సీపీఎల్ (వాణిజ్య పైలట్ లైసెన్సు) పూర్తి చేసి ఇంట్లో ఉన్నాడు, ఒక కార్గో సంస్థ నుంచి పిలుపు వచ్చింది. అందులో చేరాలా, ప్యాసింజర్ ఎయిర్‌లైన్ కోసం ఆగాలా? పని గంటలు, జీతం ఎలా ఉంటాయి, అందులో ఉన్నవాళ్లు ఏమనుకుంటారు?

అమ్మా, మాది బరంపురం. మొదట కొంతకాలం ప్యాసింజర్ విమానాల్లో పనిచేసి, తరువాత సరుకు విమానాలకు మారాను. కనుక రెండింటి సంగతీ చెప్పగలను.

గంటలు తక్కువైతే శ్రమ తక్కువ అన్న లెక్క ఈ ఉద్యోగంలో పనికిరాదు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం పైలట్ వారంలో 35 గంటలకు, ఏడాదిలో 1000 గంటలకు మించి ఎగరకూడదు. ప్యాసింజర్ సంస్థల్లో నెలకు 70, 80 గంటలు ఎగిరేవారు ఉంటారు. దేశంలోపల రాత్రి సరుకు నడిపేవారిలో నాకు తెలిసిన చాలామందికి అది 40, 50 దగ్గరే ఆగుతుంది. అయితే ఆ గంటలు ఏ వేళలో పడుతున్నాయన్నదే అసలు విషయం. కొరియర్ వాళ్లు సాయంత్రం దాకా పార్సిళ్లు సేకరించి, తెల్లవారేసరికి మరో నగరంలో దింపాలి. అందుచేత మా డ్యూటీ జనం పడుకునే వేళకు మొదలై, వాళ్లు లేచే వేళకు ముగుస్తుంది. సరుకు లారీ ట్రాఫిక్‌లో చిక్కుకుంటే విమానం దగ్గరే కూర్చోవాలి. ఆ నిరీక్షణ డ్యూటీలో లెక్కకు వస్తుంది గాని ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లోకి ఎక్కదు. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు వరకు మనిషి చురుకుదనం అట్టడుగున ఉంటుందని విమానయాన నిబంధనలే గుర్తించాయి. మా లాండింగులు ఎక్కువగా పడేది ఆ నాలుగు గంటల్లోనే.

డ్యూటీ అయ్యాక హోటల్లో పడుకోవడం సులువే, అక్కడ తెరలు మందంగా ఉంటాయి. ఇంటికి వచ్చినప్పుడే కష్టం. మా ఇల్లు పాత ఊళ్లో, పట్టు నేసేవారి మధ్య. కిటికీలకు లోపలి నుంచి నల్లగుడ్డ బిగించుకున్నా, పక్కింటి మగ్గం చప్పుడు పొద్దున్నే మొదలవుతుంది. ఠాకురాణి యాత్ర జరిగే రోజుల్లోనైతే పగటి నిద్ర మాట మరిచిపోవలసిందే. పట్టపగలు తలుపులు వేసుకుని పడుకుంటున్నానని చూసి, అబ్బాయి ఉద్యోగం పోయిందా అని మా అమ్మను అడిగినవారు ఉన్నారు. ఆవిడ ప్రతివారికీ ఓపిగ్గా వివరించేది. చెన్నై బేస్ అయితే మన వైపు నుంచి రైల్లో దాదాపు ఒక రోజు పోతుంది, విమానం ఎక్కాలన్నా ముందు భువనేశ్వర్‌కో విశాఖకో వెళ్లాలి. రెండు రోజుల సెలవుకు ఇంటికి రావడమంటే దారి ఖర్చు, అలసట తప్ప మిగిలేది తక్కువ.

విశ్రాంతి గురించి డీజీసీఏ 2024 జనవరిలో నిబంధనలను సవరించింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది, రాత్రిగా లెక్కించే సమయం తెల్లవారుజామున ఐదింటికి ముగిసేది కాస్తా ఆరింటి దాకా పెరిగింది, రాత్రి డ్యూటీలో లాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. అమలు మాత్రం వాయిదా పడి, 2025 జులై, నవంబర్‌లలో రెండు విడతలుగా మొదలైంది. అమెరికాలో జరిగినది ఇంకా బాధాకరం. 2009లో బఫెలో దగ్గర కోల్గాన్ సంస్థ ప్యాసింజర్ విమానం కూలిన తరువాత రూపొంది, 2014 జనవరిలో అమలైన విశ్రాంతి నియమాలు అక్కడి ప్యాసింజర్ పైలట్లకే తప్పనిసరి అయ్యాయి. ఖర్చుకు తగిన ప్రయోజనం లేదంటూ కార్గోను మినహాయించారు. ఈలోగా 2013 ఆగస్టు 14న అక్కడి బర్మింగ్‌హామ్‌లో పార్సిల్ సంస్థ యూపీఎస్ వారి ఎయిర్‌బస్ ఏ300 తెల్లవారకముందే దిగబోతూ కూలి, ఇద్దరు పైలట్లూ చనిపోయారు. వాళ్లు ఆ డ్యూటీలో విశ్రాంతి నియమాల గురించే మాట్లాడుకున్నారని కాక్‌పిట్ రికార్డర్‌లో తేలింది. వెనుక పార్సిళ్లు ఉన్నంత మాత్రాన ముందు కూర్చున్న మనిషికి నిద్ర తక్కువ సరిపోతుందా? ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

జీతం సంగతి. అమెరికాలోని ఫెడెక్స్, యూపీఎస్ వంటి సంస్థల్లో పెద్ద విమానాల కెప్టెన్లు ఏడాదికి మూడు లక్షల డాలర్లకు పైగా తీసుకుంటారు. ఆ అంకెతో ఇక్కడి ఉద్యోగాన్ని ఊహించుకోవద్దు. మన దగ్గర కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కు (కో-పైలట్‌కు) నెలకు లక్షన్నర నుంచి మూడు లక్షల మధ్య అనుకోవచ్చు, సంస్థను బట్టి మారుతుంది. కానీ ఎగిరిన గంటకు ఇంత అని లెక్క ఉన్నచోట, ఎగరకపోయినా ఇచ్చే కనీస గంటల హామీ ఎంతో ముందు తెలుసుకోవాలి. గంటలు తక్కువైతే మరో నష్టం కూడా ఉంది. కెప్టెన్ కావడానికి అవసరమైన పై లైసెన్సు ఏటీపీఎల్‌కు 1500 గంటలు ఉండాలి, సీపీఎల్ వచ్చేది 200 గంటలతో. మిగిలిన 1300 గంటలు ప్యాసింజర్ విమానంలో ఏడాదిన్నరలో నిండితే, రాత్రి కార్గోలో రెండేళ్లు దాటిపోతాయి. పొలం తాకట్టు పెట్టి శిక్షణకు అప్పు తెచ్చిన ఇంటికి ఆ తేడా చిన్నది కాదు.

ఏ విమానం మీద టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఇస్తారన్నది కూడా అంతే ముఖ్యం. ఉదాహరణకు బ్లూ డార్ట్ వద్ద బోయింగ్ 757లూ 737లూ ఉన్నాయి. 757 మంచి విమానమే గాని మన ప్యాసింజర్ సంస్థలేవీ దాన్ని నడపడం లేదు, కనుక ఆ రేటింగ్‌తో ఇంకోచోటికి మారడం కష్టం. 737 అయితే దారి తెరిచే ఉంటుంది.

ఇన్ని చెప్పినా, ఈ ఉద్యోగాన్ని వదలాలని నాకు అనిపించలేదు. మైకులో ప్రకటనలు చేయనక్కర్లేదు, ప్రయాణికులతో గొడవలు ఉండవు, రాత్రి ఆకాశంలో రేడియో నిశ్శబ్దంగా ఉంటుంది, కంట్రోలర్లు తిన్నని దారి ఇస్తారు. బయలుదేరే ముందు టార్చి పట్టుకుని సరుకు ఉండే మెయిన్ డెక్ మీద ఒక్కొక్క పాలెట్ (సరుకు పేర్చే పలక) తాళం పైకి లేచి పట్టుకుందో లేదో చూసుకుంటూ నడవడం నాకు ఇష్టమైన పని. అది లాంఛనం కాదు. 2013 ఏప్రిల్‌లో అఫ్గానిస్తాన్‌లోని బాగ్రామ్‌లో బోయింగ్ 747 సరుకు విమానం ఎగిరిన క్షణాల్లోనే కూలింది లోపలి సైనిక వాహనాలు కట్లు తెంచుకుని వెనక్కి జరగడం వల్ల. 2010లో దుబాయ్‌లో మరో 747ను కూల్చిన మంటలు లిథియం బ్యాటరీలున్న సరుకులో పుట్టాయి. 2020లో ప్యాసింజర్ పైలట్లు జీతాల కోతతో ఇళ్లలో ఉన్నప్పుడు మాకు పని ఆగలేదు, మందులు మోశాం. అలాగని ఇది స్థిరమైన రంగమని చెప్పలేను. డెక్కన్ 360 అన్న మన కార్గో సంస్థ రెండేళ్లలోనే 2011లో ఆగిపోయింది.

మీ తమ్ముడికి పగలు నిద్ర పడుతుందా అన్నది ముందు చూడండి. రెండు వారాలు ఇంట్లోనే రాత్రి మేలుకుని పగలు పడుకుని చూడమనండి. పడుతుందనుకుంటే ఈ అవకాశం వదులుకోకండి, ఇంట్లో ఖాళీగా కూర్చుంటే లైసెన్సుకు విలువ తగ్గుతుంది. ఇంటర్వ్యూలో జీతంతో పాటు వరుసగా ఎన్ని రాత్రులు వేస్తారు, కనీస గంటల హామీ ఎంత, రేటింగ్ ఖర్చు ఎవరిది, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అని అడగమనండి. అక్కడ పనిచేస్తున్న ఫస్ట్ ఆఫీసర్ ఎవరినైనా పట్టుకుని గత నెల రోస్టర్ చూపించమని అడగండి. అది చూశాకే, మధ్యలో మానేస్తే డబ్బు కడతామని రాసిచ్చే బాండ్ మీద సంతకం చేయించండి.